"ఏ లినక్స్ అయినా సరే" అన్న సెటప్ స్క్రిప్టు: ఉబుంటు దాటితే ఏమవుతుంది

ఫొటోలు మన సొంత సర్వర్‌లోనే దాచుకుని వెతుక్కునే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటి వాడదామని చూస్తుంటే, దాంతో పాటు వచ్చే సెటప్ స్క్రిప్టు మీదికి దృష్టి పోయింది. ఏ లినక్స్ అయినా సరే, ఒక్క స్క్రిప్టు నడిపితే చాలని రాసుకున్నారు. కంపైలర్, పైథాన్, నోడ్ (జావాస్క్రిప్ట్ నడిపేది), పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్), ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ (వీడియోల పని చూసేది) అన్నీ అదే తెచ్చి పెట్టి, సర్వీసు కూడా మొదలుపెడుతుందట. ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దామని ఉబుంటు, మింట్, డెబియన్, ఫెడోరా, రాకీ, ఆర్చ్, ఆల్పైన్, ఓపెన్‌సూసే, ఇంకా ఒక రాస్ప్‌బెర్రీ పై మీద కూడా నడిపి చూశాను. ప్రాజెక్టు పేరు రాయడం లేదు. దాన్ని నడిపేది ఖాళీ టైంలో పనిచేసే కొద్దిమంది, పైగా ఇక్కడ చెప్పే లోపాల్లో చాలావరకు ఇలాంటి స్క్రిప్టులు వేటిలో చూసినా కనిపించేవే.

ముందే చెప్పేస్తాను. ఉబుంటు 22.04, 24.04 ఉన్నవాళ్ళు నిశ్చింతగా వాడుకోవచ్చు, పని శుభ్రంగా చేస్తుంది. డెబియన్ 12, ఫెడోరా, ఆర్చ్ వాళ్ళు కొంత సొంతంగా సర్దుకోవాలి. రాకీ 9, ఆల్పైన్ వాళ్ళకి ఇప్పటికైతే వద్దనే అంటాను. అక్కడ అది పని చేయకపోవడం ఒక్కటే కాదు సమస్య, పని అవ్వకపోయినా "అంతా పూర్తయింది" అని పచ్చ అక్షరాల్లో చెప్పేస్తుంది. ఇంత వివరంగా రాయాలనిపించింది ఆ పచ్చ అక్షరాల వల్లే.

ఎలా పరీక్షించానో చెప్పకపోతే మిగతాది నమ్మడం కష్టం. ఇలాంటి స్క్రిప్టుల్ని చాలామంది డాకర్ కంటైనర్లలో (మెషిన్ లోపలే వేరుగా నడిచే చిన్న పెట్టెల్లో) నడిపేసి సరే అనుకుంటారు. అక్కడ వేగంగా అవుతుంది, తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టడం తేలిక, నేనూ మొదట అక్కడే నడిపాను. కానీ కంటైనర్‌లో మామూలుగా సిస్టమ్‌డీ (సర్వీసుల్ని లేపే ప్రోగ్రాము) ఉండదు, సుడో (అడ్మిన్ హక్కుతో కమాండ్ నడిపించేది) ఉండదు, మనం రూట్‌గానే (అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గానే) ఉంటాం, కర్నెల్ (ఓఎస్ మూలభాగం) ఏమో బయటి మెషిన్‌ది. డెబియన్, ఉబుంటు ఇమేజ్‌లలో అయితే ప్యాకేజీ పెట్టగానే దాని సర్వీసు లేవకుండా ఒక చిన్న పాలసీ ఫైలు 101 అనే కోడ్ ఇచ్చి ఆపేస్తుంది, అంటే పోస్ట్‌గ్రెస్ నిజంగా లేస్తుందా లేదా అన్నది అక్కడ తేలనే తేలదు. అందుకని ప్రతి డిస్ట్రోకీ (లినక్స్‌లో ఒక్కో రకానికీ) ఒక వర్చువల్ మెషిన్ (వీఎం) కూడా పెట్టి, కొత్తగా ఇన్‌స్టాల్ అయిన స్థితిలో స్నాప్‌షాట్ తీసుకుని, ప్రతిసారీ అక్కడి నుంచే మొదలుపెట్టాను. నన్నడిగితే రెండూ కావాలి. కంటైనర్ ఇమేజ్‌లు మరీ బోసిగా ఉంటాయి కాబట్టి, స్క్రిప్టు "ఇది ఎలాగూ ఉంటుందిలే" అనుకుని వాడేసినవన్నీ అక్కడ బయటపడతాయి. డెబియన్ స్లిమ్ ఇమేజ్‌లో సీఏ సర్టిఫికెట్లు (వెబ్‌సైటు అసలుదేనా అని సరిచూడడానికి వాడేవి) కూడా ఉండవు, సిఫార్సు ప్యాకేజీలు వద్దని కర్ల్ (ఫైళ్ళు డౌన్‌లోడ్ చేసే కమాండ్) ఒక్కటే పెట్టుకుంటే హెచ్‌టీటీపీఎస్ లింకు తెరుచుకోదు. సర్వీసులు, లాకులు, యూజర్ పర్మిషన్ల సంగతి మాత్రం వీఎంలోనే తెలుస్తుంది.

ముందు మంచి మాట. స్క్రిప్టుని కర్ల్‌తో తెచ్చి నేరుగా షెల్‌లోకి (కమాండ్లు నడిపే ప్రోగ్రాములోకి) పైపు చేయమని వీళ్ళు చెప్పలేదు, డౌన్‌లోడ్ చేసుకోండి, చెక్‌సమ్ సరిచూసుకోండి, చదవండి, తర్వాత బ్యాష్‌తో నడపండి అని విడివిడిగా రాశారు. ఇంకా నచ్చిన విషయం, కోడ్ మొత్తాన్ని ఫంక్షన్లలో పెట్టి, అసలు పని మొదలుపెట్టే పిలుపుని ఫైలు ఆఖరి లైనులో ఉంచారు. డౌన్‌లోడ్ సగంలో తెగిపోతే సగం స్క్రిప్టు నడిచి మెషిన్ అటూ ఇటూ కాకుండా పోయే ప్రమాదం దీనివల్ల తప్పుతుంది. డ్రై రన్ కూడా ఉంది. ఏ రిపోజిటరీ (ప్యాకేజీలు దొరికే చోటు) కలుపుతుంది, ఏ ప్యాకేజీలు పెడుతుంది, ఏ ఫైళ్ళు మారుస్తుంది, అన్నీ ముందే చూపిస్తుంది, చూపించినవే చేస్తుంది. పరిచయం లేని స్క్రిప్టుకి సుడో పాస్‌వర్డ్ ఇవ్వాలంటే టెన్షన్ ఉంటుంది కదా, ఆ ఒక్క ఆప్షన్ వల్ల అది చాలా తగ్గింది. పాత సెంట్ ఓఎస్ 7 మీద కూడా నడిపి చూశాను. 2024 జూన్ 30తో దానికి సపోర్ట్ ముగిసింది, అందులోని గ్లిబ్‌సీ (ప్రోగ్రాములు ఆధారపడే సీ లైబ్రరీ) 2.17, నోడ్ 18 అధికారిక బైనరీలకేమో కనీసం 2.28 కావాలి. స్క్రిప్టు ఆ వెర్షన్ చూసి, కారణం చెప్పి, ఏమీ ముట్టుకోకుండా ఆగిపోయింది. ఈ మర్యాద మిగతా చోట్ల కూడా చూపించి ఉంటే ఈ రివ్యూ సగం నిడివిలో అయిపోయేది.

డిస్ట్రోని గుర్తుపట్టడం విషయానికొస్తే, ఈటీసీ డైరెక్టరీలోని ఓఎస్-రిలీజ్ ఫైలు చదువుతుంది. సరైన పద్ధతి అదే, ఎల్ఎస్‌బీ-రిలీజ్ కమాండ్ మీద ఆధారపడితే చిన్న ఇమేజ్‌లలో అదే ఉండదు. అందులోని ఐడీ (డిస్ట్రో పేరు) తెలియకపోతే ఐడీ-లైక్ (అది ఏ డిస్ట్రోని పోలిందో చెప్పే లైను) చూస్తుంది కాబట్టి మింట్‌ని ఉబుంటు కుటుంబంగా గుర్తుపట్టింది. కానీ తర్వాతి అడుగులో తడబడింది. పోస్ట్‌గ్రెస్ రిపోజిటరీ కలిపేటప్పుడు కోడ్‌నేమ్‌ని (ఆ విడుదల పేరుని) వెర్షన్ కోడ్‌నేమ్ అనే లైను నుంచి తీసుకుంటోంది. మింట్ 22లో అక్కడ ఉండేది "విల్మా". ఆ పేరుతో రిపోజిటరీ ఎక్కడ ఉంటుంది? 404 వచ్చి ఆప్ట్ (ప్యాకేజీలు పెట్టే కమాండ్) ఆగిపోయింది. అదే ఫైలులో ఉబుంటు కోడ్‌నేమ్ అని ఇంకో లైను ఉంటుంది, అందులో "నోబుల్" అని సరిగ్గానే ఉంది. ముందు అది చూసి, లేకపోతేనే రెండోది చూడమంటే సరిపోతుంది.

ప్యాకేజీ పేర్ల పట్టిక బాగా చేశారు. ఒకే మనిషిని ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరుతో పిలిచినట్టు ఉంటుంది ఈ వ్యవహారం. కంపైలర్ల మూట డెబియన్‌లో బిల్డ్-ఎసెన్షియల్, ఆర్చ్‌లో బేస్-డెవెల్, ఆల్పైన్‌లో బిల్డ్-బేస్. ఓపెన్ఎస్ఎస్ఎల్ హెడర్లు ఒకచోట లిబ్ఎస్ఎస్ఎల్-డెవ్, ఇంకోచోట ఓపెన్ఎస్ఎస్ఎల్-డెవెల్, ఆర్చ్‌లోనేమో విడి ప్యాకేజీయే లేదు. ఇవన్నీ ఒక్క ఫైలులో వరసగా పెట్టారు, కొత్త డిస్ట్రో కలపాలంటే ఎక్కడ కలపాలో చూడగానే తెలుస్తుంది. ఓపెన్‌సూసే మీద దాని ప్యాకేజీ కమాండ్ జిప్పర్‌తో ఏ పేచీ లేకుండా పూర్తయింది, దాని గురించి ఇంతకన్నా చెప్పేది లేదు.

డెబియన్ 12లో మొదటి అడ్డు సుడో దగ్గరే. డెబియన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ పెట్టుకుంటే, మన యూజర్‌కి సుడో హక్కు రాదు. ఈ సంగతి స్క్రిప్టు ముందే చూడదు, మొదటి ప్యాకేజీ దాకా వెళ్ళి అక్కడ ఎర్రర్ కొడుతుంది. రెండోది పైథాన్. డెబియన్ 12 నుంచి సిస్టమ్ పైథాన్‌లోకి పిప్ (పైథాన్ లైబ్రరీలు పెట్టే కమాండ్) నేరుగా ఏదీ పెట్టనివ్వదు, "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని తిప్పి పంపుతుంది. పీఈపీ 668 అనే నియమం అది, సిస్టమ్ టూల్స్ వాడుకునే లైబ్రరీలను మనం చెడగొట్టకుండా ఉండడానికి పెట్టారు. దీనికి స్క్రిప్టు చేసిందేమిటంటే, బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అనే ఫ్లాగ్ పెట్టి తోసుకుని లోపలికి పోవడం. నాకు ఇది అస్సలు నచ్చలేదు. ఆ ఫ్లాగ్ పేరులోనే హెచ్చరిక ఉంది, వాడేవాళ్ళని ఒక్క మాట అడగకుండా వాళ్ళ మెషిన్ మీద దాన్ని వాడకూడదు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (సిస్టమ్ లైబ్రరీలతో కలవని విడి పైథాన్) ఒకటి ప్రాజెక్టు ఫోల్డర్‌లో పెట్టుకుంటే అన్ని డిస్ట్రోల మీదా ఒకే తీరుగా నడుస్తుంది. డెబియన్, ఉబుంటుల్లో దానికి పైథాన్3-వెన్వ్ ప్యాకేజీ విడిగా పెట్టాలి, అంతే తేడా.

ఎక్కువ సమయం తీసుకున్నది పోస్ట్‌గ్రెస్. ప్యాకేజీ పెట్టడం అన్ని చోట్లా తేలికే, పెట్టిన తర్వాత ఏం జరుగుతుందన్నదే ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. డెబియన్, ఉబుంటుల్లో ప్యాకేజీ దిగగానే డేటా డైరెక్టరీ తయారై, సర్వీసు దానంతటదే లేస్తుంది. ఫెడోరా, రాకీల్లో అలా కాదు, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-సెటప్ కమాండ్‌తో మనమే డేటాబేస్ మొదలుపెట్టి, తర్వాత సర్వీసు లేపాలి. ఆర్చ్‌లో పోస్ట్‌గ్రెస్ యూజర్‌గా మారి ఇనిట్‌డీబీ (డేటా డైరెక్టరీ తయారు చేసే కమాండ్) మనమే నడపాలి, డేటా దారి కూడా వేరు. స్క్రిప్టు ఫెడోరా వరకు ఇది గుర్తుంచుకుంది, ఆర్చ్ దగ్గర మర్చిపోయింది. ఫెడోరాలో అయినా అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. అక్కడ లోకల్ టీసీపీ కనెక్షన్లకి డిఫాల్ట్‌గా ఉండేది ఐడెంట్ పద్ధతి (సిస్టమ్ యూజర్ పేరు చూసి అనుమతించేది), పాస్‌వర్డ్ కాదు. స్క్రిప్టు యూజర్‌ని సృష్టించింది, పాస్‌వర్డ్ పెట్టింది, కాన్ఫిగ్‌లో రాసింది, అన్నీ సరిగ్గానే చేసింది. అయినా యాప్ మొదలవగానే "ఐడెంట్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్" అని పడిపోయింది. పాస్‌వర్డ్ తప్పేమో అని దాని చుట్టూ తిరిగితే గంటలు పోతాయి, మార్చాల్సింది హెచ్‌బీఏ ఫైలులో (ఎవరు ఎలా కనెక్ట్ అవ్వొచ్చో పోస్ట్‌గ్రెస్‌కి చెప్పే ఫైలు) ఒక్క లైను. ఉబుంటులో నడిచింది కదా అని మిగతా చోట్ల కూడా నడుస్తుందనుకుంటే ఎక్కడ దెబ్బ తగులుతుందో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ప్యాకేజీ పేరు మార్చుకున్నంత మాత్రాన డిస్ట్రో మారినట్టు కాదు.

ఇక రాకీ 9. కంటైనర్‌లో అయితే మొదటి లైను దగ్గరే గొడవ, ఎందుకంటే ఆ ఇమేజ్‌లో ముందే కర్ల్-మినిమల్ ఉంటుంది, మామూలు కర్ల్ పెట్టమంటే రెండూ ఢీకొంటాయి. కర్ల్ కమాండ్ ఉందో లేదో ముందు చూసుకుంటే ఈ తగువే రాదు. తర్వాత కొన్ని డెవెల్ ప్యాకేజీలు సీఆర్‌బీ రిపోజిటరీలో ఉంటాయి, అది మామూలుగా ఆపేసి ఉంటుంది, వెర్షన్ 8లో దాని పేరు పవర్‌టూల్స్. స్క్రిప్టులో పవర్‌టూల్స్ అని మాత్రమే ఉంది. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ రాకీ సొంత రిపోజిటరీల్లో ఉండదు, మామూలుగా ఈపెల్, సీఆర్‌బీ తెరిచి ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి రిపోజిటరీ నుంచి తెచ్చుకుంటారు. ఇవేవీ చేయలేదు కాబట్టి ఆ ప్యాకేజీ దొరకలేదు, డీఎన్ఎఫ్ (రాకీ ప్యాకేజీ కమాండ్) ఎర్రర్ ఇచ్చింది, స్క్రిప్టు ముందుకి సాగిపోయింది, చివర్లో పచ్చగా "అంతా పూర్తయింది" అని రాసి, ఎగ్జిట్ కోడ్ సున్నాతో (అంటే తప్పేమీ జరగలేదని చెప్పి) బయటికొచ్చింది.

ఇది ఎలా సాధ్యమా అని కోడ్ తెరిచి చూశాను. ప్రతి కమాండ్ అవుట్‌పుట్‌నీ టీ అనే కమాండ్‌లోకి పైపు చేసి లాగ్ ఫైలులో దాస్తున్నారు. లాగ్ ఉంచడం మంచి ఆలోచనే. కానీ షెల్‌లో పైపు మొత్తానికి ఫలితం అంటే చివరి కమాండ్ ఫలితమే. డీఎన్ఎఫ్ ఓడిపోయినా టీ తన పని బాగానే చేసింది కాబట్టి ఆ లైను సున్నాతో ముగుస్తుంది. పైన సెట్ మైనస్ ఈ పెట్టారు, ఏ తప్పు జరిగినా అక్కడే ఆగుతుందన్న ధైర్యంతో మిగతాది రాశారు, పక్కన పైప్‌ఫెయిల్ (పైపులో ఏ కమాండ్ ఓడినా తప్పుగానే లెక్కించే ఆప్షన్) మాత్రం పెట్టలేదు. ఒక్క పదం. దాని కోసం నేనింత పట్టుబట్టడానికి కారణం ఉంది. కంప్యూటర్ ముందు కూర్చుని నడిపే మనిషి అయితే లాగ్‌లో ఎర్ర లైను చూసి ఆగొచ్చు. కానీ ఈ స్క్రిప్టుని యాన్సిబుల్, సీఐ లాంటి, మనిషి లేకుండా పనులు నడిపే టూల్స్ నుంచి పిలిచేవాళ్ళకి ఎగ్జిట్ కోడ్ తప్ప ఇంకేమీ కనిపించదు. సున్నా వచ్చిందంటే తర్వాతి పనులన్నీ దాని మీదే కట్టేస్తారు. వీడియో థంబ్‌నెయిల్స్ ఎందుకు రావడం లేదని ఎప్పుడో ఎవరో అడిగేదాకా ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ లేదన్న సంగతే బయటపడదు. అసలు ఏమీ పెట్టకుండా "కుదరలేదు" అని ఆగిపోయిన స్క్రిప్టుకి నేను ఇంతకన్నా ఎక్కువ మార్కులు వేస్తాను.

ఆల్పైన్ గురించి చిన్నగా. బ్యాష్ మనమే పెట్టుకోవాలి, అది పర్వాలేదు. తర్వాత గ్లిబ్‌సీ కోసం కట్టిన నోడ్ బైనరీని దించి నడపబోయింది. ఆల్పైన్‌లో ఉండేది మజిల్ అనే వేరే సీ లైబ్రరీ, గ్లిబ్‌సీ లోడరే (ప్రోగ్రాముని మొదలుపెట్టేది) అక్కడ లేదు, కాబట్టి ఫైలు కళ్ళ ముందే ఉన్నా "నాట్ ఫౌండ్" అంటుంది. కొత్తవాళ్ళు ఈ మెసేజ్ చూసి పాత్ తప్పేమో అని వెతుకుతూ కూర్చుంటారు. ఆల్పైన్ సొంత రిపోజిటరీలోనే నోడ్ ఉంది, అక్కడి ప్యాకేజీ కమాండ్ ఏపీకేతో తెచ్చుకుంటే పోయేది. సర్వీసు దగ్గర మళ్ళీ సిస్టమ్‌డీ కమాండ్ అయిన సిస్టమ్‌సీటీఎల్ పిలిచింది, అక్కడ సర్వీసులు చూసుకునేదేమో ఓపెన్ఆర్‌సీ.

ఆర్చ్‌లో పోస్ట్‌గ్రెస్ కాకుండా ఇంకోటి ఉంది, ఇది కొంచెం ప్రమాదకరం. పాక్‌మన్ (ఆర్చ్ ప్యాకేజీ కమాండ్) డేటాబేస్‌ని మాత్రం తాజా చేసి, మిగతా సిస్టమ్‌ని అప్‌డేట్ చేయకుండా కొత్త ప్యాకేజీలు పెడుతోంది. దీన్నే పార్షియల్ అప్‌గ్రేడ్ అంటారు, ఆర్చ్ దీనికి సపోర్ట్ లేదని స్పష్టంగా చెప్తుంది. కొత్త ప్యాకేజీతో పాటు కొత్త లైబ్రరీ వెర్షన్ దిగితే, పాత వెర్షన్ మీద కట్టిన ప్రోగ్రాములు లేవకపోవచ్చు. పూర్తి అప్‌డేట్ చేయాలి, లేదా చేసుకుని రమ్మని వాడేవాళ్ళకి చెప్పి ఆగిపోవాలి. మధ్యేమార్గం లేదు.

ఉబుంటులో బాగుందన్నాను కానీ అక్కడ కూడా ఒక మెలిక ఉంది, ఎవరూ దగ్గర లేకుండా నడిపితే బయటపడుతుంది. ప్రశ్నలు అడగొద్దని చెప్పడానికి డెబియన్ ఫ్రంటెండ్ నాన్‌ఇంటరాక్టివ్ అని పైన ఎక్స్‌పోర్ట్ చేసి, కింద సుడోతో ఆప్ట్ పిలిచారు. సుడో మామూలుగా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ని తుడిచేస్తుంది, కాబట్టి ఆ మాట ఆప్ట్ దాకా చేరదు. టైంజోన్ ప్రశ్న దగ్గర ఆగిపోయి ఎవరైనా జవాబు చెప్తారేమో అని చూస్తూ ఉంటుంది. 22.04 సర్వర్‌లో నీడ్‌రీస్టార్ట్ కూడా ఏ సర్వీసులు మళ్ళీ మొదలుపెట్టాలో ఎంచుకోమని నీలం తెర వేస్తుంది. డెబియన్ ఫ్రంటెండ్, నీడ్‌రీస్టార్ట్ మోడ్ అనే వేరియబుల్స్ రెండింటినీ సుడో తర్వాత అదే లైనులో పెడితే పని అయిపోతుంది. అప్పుడే లేచిన క్లౌడ్ మెషిన్‌లో అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ వెనకాల నడుస్తూ డీపీకేజీ (ప్యాకేజీలు పెట్టే లోపలి ప్రోగ్రాము) లాక్ పట్టుకుని ఉంటుంది, స్క్రిప్టు వేచి చూడకుండా వెంటనే ఎర్రర్ కొడుతుంది. ఆప్ట్‌కి లాక్ టైమౌట్ ఆప్షన్ ఉంది, అది ఇస్తే కాసేపు ఆగి చూస్తుంది.

రెండోసారి నడిపితే ఏమవుతుంది? ఇది అందరూ పరీక్షించాల్సిన విషయం, ఎందుకంటే మధ్యలో నెట్ పోయినప్పుడు ఎవరైనా చేసేది అదే, మళ్ళీ నడుపుతారు. ప్యాకేజీల వరకు బాగుంది, ఉన్నవి వదిలేసి లేనివే పెట్టింది. బ్యాష్‌ఆర్‌సీలో (షెల్ సెట్టింగుల ఫైలులో) పాత్ లైను మళ్ళీ చేర్చింది, అది చికాకే తప్ప నష్టం కాదు. నష్టం డేటాబేస్ దగ్గర. ప్రతిసారీ కొత్త పాస్‌వర్డ్ తయారు చేసి కాన్ఫిగ్‌లో రాసేస్తుంది, కానీ డేటాబేస్‌లో యూజర్ ముందే ఉన్నాడు కాబట్టి అక్కడ పాత పాస్‌వర్డే ఉంటుంది. "యూజర్ ఇప్పటికే ఉన్నాడు" అన్న ఎర్రర్‌ని కావాలనే పట్టించుకోకుండా వదిలేశారు. ఫలితంగా అప్పటిదాకా చక్కగా నడుస్తున్న యాప్ డేటాబేస్‌లోకి వెళ్ళలేకపోతుంది, పాత కాన్ఫిగ్‌కి బ్యాకప్ కూడా ఉండదు. అప్‌డేట్ కోసం కూడా ఇదే స్క్రిప్టు నడపమని వాళ్ళే రాశారు కాబట్టి ఇది వెంటనే సరిచేయాల్సిన విషయం అని గట్టిగా చెప్తున్నాను.

రాస్ప్‌బెర్రీ పై 4 మీద 32 బిట్ ఓఎస్ ఉన్నా కర్నెల్ మాత్రం 64 బిట్‌ది నడవొచ్చు. యూనేమ్ కమాండ్‌ని అడిగితే అది కర్నెల్ సంగతే చెప్తుంది, "ఏఆర్క్64" (64 బిట్ ఆర్మ్) అంటుంది. స్క్రిప్టు ఆ మాట నమ్మి 64 బిట్ నోడ్ దించింది, అది లేవలేదు. డెబియన్ కుటుంబంలో డీపీకేజీని ఆర్కిటెక్చర్ అడిగితే "ఆర్మ్‌హెచ్ఎఫ్" (32 బిట్ ఆర్మ్) అని అసలు సంగతి చెప్తుంది. 64 బిట్ ఓఎస్ పెట్టుకున్న పై మీద మాత్రం నెమ్మదిగానే అయినా సాఫీగా పూర్తయింది.

అన్‌ఇన్‌స్టాల్ లేదు. కలిపిన రిపోజిటరీలు, కీలు, సర్వీసు ఫైళ్ళు తీసేయడానికి లాగ్ చదువుకుంటూ చేత్తో తుడుచుకోవాలి. డ్రై రన్‌లో అంత చక్కగా జాబితా ఇచ్చినవాళ్ళకి, అదే జాబితాని వెనక్కి నడిపించడం పెద్ద పని కాదనుకుంటాను.

వీటన్నింటినీ లాగ్‌లతో సహా ప్రాజెక్టు వాళ్ళకి పంపాను. చాలా మర్యాదగా జవాబిచ్చారు, ఒక్కదానికి కూడా "మా దగ్గర నడుస్తోంది" అనలేదు. పైప్‌ఫెయిల్, మింట్ కోడ్‌నేమ్, సుడో వేరియబుల్స్ సరిచేసేశారు. పాస్‌వర్డ్ సంగతి మీద పని జరుగుతోంది, పైథాన్‌ని వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌కి మార్చడానికి కూడా ఒప్పుకున్నారు. ఆల్పైన్‌కి మాత్రం సపోర్ట్ చేయలేమని, సపోర్ట్ ఉన్న డిస్ట్రోల పేర్లు రాసి "ఏ లినక్స్ అయినా" అన్న మాట తీసేస్తామని చెప్పారు. నాకు అదే సరైన నిర్ణయం అనిపించింది.

ప్రస్తుతానికి 5 కి 3. ఈలోపు వాడాలనుకునేవాళ్ళు డ్రై రన్ అవుట్‌పుట్ పూర్తిగా చదవండి, వీఎం అయితే స్నాప్‌షాట్ తీసుకోండి, మళ్ళీ నడిపే ముందు కాన్ఫిగ్ ఫైలు కాపీ పక్కన పెట్టుకోండి. పాస్‌వర్డ్ మార్పు వచ్చాక రాకీ, ఫెడోరాల మీద మొదటి నుంచి మళ్ళీ నడిపి, ఇక్కడే మార్కులు మారుస్తాను.